ఉగాదికి నంద్యాల, ప్రొద్దుటూరు, కడప: అమ్మతో, పిల్లలతో కారులో నాలుగు రోజులు ఎలా సర్దుకోవాలి?

రేనాటి ఆడపడుచు (మార్చి 12, 2025)

అందరికీ నమస్కారం. మేం హైదరాబాదులో ఉంటాం. ఈసారి ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. 28 శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి సోమవారం రాత్రికి ఇల్లు చేరాలనుకుంటున్నాం. కారులో నేను, మా ఆయన, అమ్మ, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు. బండి ఇద్దరం నడుపుతాం.

అమ్మకు 71 ఏళ్లు. పుట్టిల్లు కోయిలకుంట్ల దగ్గర పల్లె. ఇప్పుడు ఆ ఊళ్లో మావాళ్లెవరూ లేరు. పెద్దమ్మ ప్రొద్దుటూరులో, మామ నంద్యాలలో, చిన్నమ్మ కడపలో ఉంటారు. నాయన పోయిన ఈ రెండేళ్లలో అమ్మ ఎక్కడికీ కదల్లేదు. జనవరిలో పెద్దమ్మ కిందపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా ఇంకా మంచం మీదే ఉంది. అక్కచెల్లెళ్లు ఫోన్ పట్టుకుంటే మాటలు సాగవు, ఇద్దరూ ఏడుస్తారు. అందుకే ఈ ప్రయాణం.

అయితే పిల్లలకు గండికోట, బెలుం గుహలు చూపిస్తానని మాటిచ్చాను. గండికోట నేను ఆరో తరగతిలో చూశాను, మళ్లీ పోలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పది మెట్లెక్కితే కూర్చోవాలి. ఇక మావాళ్ల ఇళ్లకు పోతే గంటలో లేచి రావడం కుదరదు. కాఫీకని కూర్చోబెట్టి టిఫిన్ పెడతారు, టిఫిన్ అయ్యేలోగా మధ్యాహ్నానికి కోడి కోస్తారు. 2019లో ఇలాగే పోయి, ఏ ఊరూ సరిగా చూడలేదు, ఏ ఇంట్లోనూ నిమ్మళంగా ఉండలేదు. మామ ఇంట్లో విస్తరి ముందు నుంచి లేచి వచ్చినంత పని చేశాను. ఆయన ఏమీ అనలేదు కానీ నొచ్చుకున్నాడని నాకు తెలుసు. ఈసారి అలా జరగకూడదు.

అమ్మను గుహల దగ్గరికి, కోటకు తీసుకెళ్లొచ్చా? ఎండ ఎలా ఉంటుంది? ఏ రాత్రి ఎక్కడ ఉంటే బాగుంటుంది? ఆ దారులు తెలిసినవాళ్లు చెప్పండి.

కేసీ కాలువ గట్టు (మార్చి 12)

అమ్మా, మాది నంద్యాల. ముప్ఫై ఏళ్లు ఆ రోడ్ల మీద బస్సు నడిపాను కాబట్టి చెబుతున్నా.

ముందు ఎండ సంగతి. ఉగాది నాటికి మా వైపు 40 డిగ్రీలు ఆశ్చర్యం కాదు. పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరిగే ఆలోచన పెట్టుకోవద్దు. ఆ వేళంతా చుట్టాల ఇళ్లకు ఇవ్వండి. పొద్దున, సాయంత్రం చూడాల్సినవి చూడండి. అప్పుడు మీ మామ ఇంట్లో కోడి తినడానికీ టైం ఉంటుంది, మీకూ గడియారం చూసే పని ఉండదు.

శుక్రవారం అయిదుకు బయల్దేరితే కర్నూలులో టిఫిన్ వేళ అవుతుంది. పిల్లలకు ఉగ్గాని, బజ్జీ తినిపించండి. దారిలో బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతారు. ఆంజనేయస్వామి గుడి హైవే పక్కనే, మీ అమ్మగారు ఎక్కువ నడవనక్కర్లేదు. అలంపురం బాగుంటుంది కానీ ఆ రోజు వదిలేయండి. జోగులాంబను, చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలను అరగంటలో చూసి రావడం వాటికి అన్యాయం.

సాయంత్రం ఎండ తగ్గాక మహానంది పొండి. కోనేటి నీళ్లు ఎండాకాలంలోనూ తగ్గవు, అడుగున పడ్డ చిల్లర పైసలు కూడా కనబడేంత తేటగా ఉంటాయి. అమ్మగారు గట్టున కూర్చుని కాళ్లు పెట్టుకున్నా చాలు. వచ్చేటప్పుడు అక్కడి అరటిపండ్లు ఒక గెల కొనుక్కోండి.

బెలుంకు మాత్రం అమ్మగారిని తీసుకెళ్లొద్దు. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో చూడనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. లోపల ఇనుప మెట్లు, వంగి నడిచే సందులు, పైగా ఉక్క. కిందికి పాతాళగంగ దాకా పోతే 46 మీటర్ల లోతు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు శిక్షే. బయట ఒక్కరినే కూర్చోబెట్టడమూ మంచిది కాదు.

నా మాట వినండి. శనివారం మీరు పిల్లలతో బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం పొండి. అమ్మగారిని మీ మామతో పంపండి. ఆయన కూడా అక్కను చూడాలి కదా! హైవే మీద ఆళ్లగడ్డ, మైదుకూరు దారి వద్దు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు పోతే దారిలోనే వాళ్ల ఊరు తగులుతుంది. ఒక్క అయిదు నిమిషాలు ఆపమనండి.

పెన్నా ఒడ్డు టీచర్ (మార్చి 13)

మాది జమ్మలమడుగు. పై పెద్దాయన చెప్పిన దారే సరైనది. నేను గండికోట సంగతి చెబుతాను.

జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్లు. బెలుం నుంచి నేరుగా కోటకు రావద్దు, పిల్లలు అలిసిపోయి ఉంటారు. మధ్యాహ్నం ఎక్కడైనా నీడన ఆగి నాలుగున్నరకు కోట చేరండి. కోటలోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్ల మధ్యగా బండి పోతుంది. ముందు మాధవరాయస్వామి గుడి చూడండి. తరువాత జామియా మసీదు, దాని పక్కనే ధాన్యం కొట్టు. పెమ్మసానివారు ఏలిన కోట ఇది. వెలుగు ఎర్రబడే వేళకు లోయ దగ్గరికి పోతే, కింద పెన్న, రెండు వైపులా ఎవరో పేర్చినట్టున్న ఎర్ర రాతి బండలు. మా బడి పిల్లలను తీసుకెళ్లిన ప్రతిసారీ అక్కడ వాళ్ల గోల ఉన్నట్టుండి ఆగిపోతుంది.

అక్కడే నాకు భయం కూడా. బండల అంచున అడ్డుకంచె అంటూ ఏమీ ఉండదు. మీ బాబు చెయ్యి వదలొద్దు. ఫోటో కోసం అంచుకు పోవద్దు. ఈ విషయంలో మొహమాటపడకుండా గట్టిగా చెబుతున్నాను. చెప్పులు కాకుండా బూట్లు వేయించండి, నీళ్లు మీరే తెచ్చుకోండి.

ఇంకొకటి. మంచం మీద ఉన్న మనిషిని చూసుకునే ఇంట్లో పండగపూట ఇంతమంది దిగితే, ఆ ఇంటి కోడలికి ఊపిరాడదు. మా అమ్మ మంచాన ఉన్న ఏడాది నేను అది చూశాను. చూడవచ్చినవాళ్లు అందరూ మంచివాళ్లే, కానీ అందరికీ వండింది నా భార్య ఒక్కతే. ఓళిగలు నంద్యాలలోనే చేయించి పట్టుకెళ్లండి. ప్రొద్దుటూరులో ఒక పూట వంట మీరు చేయండి. వాళ్లు వద్దంటారు, అయినా చేయండి.

రేనాటి ఆడపడుచు (మార్చి 13)

మాస్టారూ, వదిన గురించి నాకు అసలు తట్టలేదు. పెద్దమ్మకు స్నానం, మందులు అన్నీ తనే చూస్తోంది. సిగ్గేసింది. అరిశెలు, ఓళిగలు, ఊరిబిండి అన్నీ మేమే తెస్తామని ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "వదినా, నువ్వొస్తే రెండు గంటలు పడుకుంటా" అంది.

అన్నా, మామకు కూడా చెప్పాను. ఆయన కొడుకు కారు తీస్తానన్నాడు.

కడప గడప (మార్చి 14)

అక్కా, మాది కడప. ఉగాది నాడు మా ఊళ్లో ఉంటే పొద్దున్నే దేవుని కడపకు వెళ్లండి. లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి. తిరుమలకు ఇది తొలి గడప అంటారు. అన్నమయ్య కూడా ఈ స్వామి మీద కీర్తనలు పాడాడు. ఉగాది రోజు మా ముస్లింలు తెల్లవారకముందే అక్కడ వరుసలో నిలబడతాం. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి మాకు అల్లుడు. పండగకు అల్లుడి ఇంటికి ఉట్టి చేతులతో పోరు. మా నానీ బియ్యం, బేడలు, బెల్లం, చింతపండు కొత్త గుడ్డలో మూటగట్టి తీసుకెళ్లేది. నాకు ఆరేళ్లప్పుడు ఆ మూట నా నెత్తిన పెట్టింది. ఇప్పుడు నానీ లేదు, మూట నేను కడుతున్నాను.

ఈ ఏడు ఉగాది రంజాన్ నెల చివర్లో వచ్చింది. ఉపవాసంతోనే పోతాం. మీ పిల్లలకు తప్పకుండా చూపించండి. టీవీలో చూపించేవాళ్లు ఒక్క నిమిషం చూపిస్తారు, దగ్గర నిలబడి చూస్తే వేరు. వీలైతే సాయంత్రం పెద్ద దర్గాకు కూడా రండి. మా ఊరు వచ్చి కారం దోసె తినకుండా మాత్రం పోవద్దు.

కేసీ కాలువ గట్టు (మార్చి 14)

ఒంటిమిట్ట కూడా కడప నుంచి 25 కిలోమీటర్ల దూరమే. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. అక్కడ రాములవారి పెళ్లి పగలు కాదు, పున్నమి వెలుగులో రాత్రిపూట చేస్తారు. ఈసారి ఏప్రిల్ 11న. మీ తేదీలకు అందదు. ఇంకోసారి ఆ పెళ్లికనే రండి.

రేనాటి ఆడపడుచు (ఏప్రిల్ 3)

వచ్చి మూడు రోజులైంది. చెప్పినవాళ్లందరికీ ఏం జరిగిందో చెప్పాలి.

మహానంది కోనేటి దగ్గర అమ్మ గంటన్నర కూర్చుంది. మామ పక్కనే. ఇద్దరూ చిన్నప్పుడు ఇక్కడికి ఎద్దులబండిలో వచ్చిన సంగతి చెప్పుకున్నారు. ఆ కథ నేను మొదటిసారి విన్నాను.

శనివారం బెలుంలో పాప, వాళ్ల నాన్న పాతాళగంగ దాకా పోయి వచ్చారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషాయన ఈ గుహల గురించి మొదట రాశాడని పాప బోర్డు చదివి గుర్తుపెట్టుకుంది. బాబు సగంలోనే ఉక్కకు, చీకటికి భయపడ్డాడు. వాణ్ని తీసుకుని పైకి వచ్చేశాను. బయట ఇద్దరం నన్నారి తాగాం. లోపల మొత్తం చూడలేదని బాధ లేదు.

గండికోటలో బాబు చెయ్యి మా ఆయన ఒక్క క్షణం కూడా వదల్లేదు. మాస్టారూ, మీరు అంత గట్టిగా చెప్పకపోతే నేను ఫోటో కోసం రెండడుగులు ముందుకు వేసేదాన్ని. నా ఆరో తరగతి గుర్తుల్లో లోయ అడుగున సన్నటి ఏరు ఉంది. ఇప్పుడు రిజర్వాయర్ వచ్చాక నీళ్లు నిండుగా ఉన్నాయి. కాసేపు అది వేరే చోటనిపించింది. పొద్దు వాలేసరికి బండలు పాత రంగులోకి వచ్చాయి.

ప్రొద్దుటూరు చేరేసరికి రాత్రి ఎనిమిది. అమ్మ, మామ మధ్యాహ్నమే వచ్చారు. దారిలో ఊరి దగ్గర అయిదు నిమిషాలు కాదు, గంట ఆగారట. ఇల్లు ఉన్న చోట ఇప్పుడు శనగల గోదాము ఉంది. ముందున్న వేపచెట్టు మాత్రం కొట్టలేదు. ఉగాది పచ్చడికి దాని పూత చీరకొంగులో కట్టుకుని వచ్చింది అమ్మ. పెద్దమ్మకు ఆ కొంగు విప్పి చూపించి, "మన చెట్టుదే అక్కా" అంది. పెద్దమ్మ ఆ పూత ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. ఫోన్‌లో ఏడ్చే మనుషులు ఎదురుగా ఏడవలేదు.

మామ వచ్చాడని తెలిసి చిన్నమ్మ కడపలో ఆగలేకపోయింది. ఉగాది పొద్దున మొదటి బస్సుకే వచ్చేసింది. నలుగురు తోడబుట్టినవాళ్లు ఒక మంచం చుట్టూ కూర్చుని పచ్చడి తినడం మా నాయన కర్మకాండలప్పుడు కూడా జరగలేదు, అప్పుడు పెద్దమ్మకు జ్వరం. వంట నేను, మామ కోడలు చేశాం. వదిన తలుపు వేసుకుని మూడు గంటలు నిద్రపోయింది.

అందుకని కడప చెల్లెలా, పొద్దున దేవుని కడప అందలేదు. చిన్నమ్మను ఎక్కించుకుని మేం చేరేసరికి సాయంత్రం అయిదయింది. రద్దీ తగ్గిపోయింది. అయినా వరుసలో మా ముందు బుర్ఖా వేసుకున్న ఒక అవ్వ, కొబ్బరికాయ పట్టుకుని ఆమె మనవడు ఉన్నారు. మా బాబు ఆ పిల్లాణ్ని "మీ అల్లుడా?" అని అడిగాడు, మీ పోస్టు నేను చదివి వినిపించాను కాబట్టి. ఆ పిల్లాడు తడుముకోకుండా "అవును" అన్నాడు. సోమవారం మీ పండగ అయింది, ఆలస్యంగానైనా ఈద్ ముబారక్.

ఒంటిమిట్ట ఈసారి పోలేదు. కారం దోసె మాత్రం చిన్నమ్మ ఇంటి సందులో తిన్నాం.

అమ్మ మాతో తిరిగి రాలేదు. మేం బ్యాగులు సర్దుతుంటే పెద్దమ్మ మంచం పక్కన చాప పరుచుకుంది. "మామిడిపండ్ల కాలానికి వచ్చి తీసుకుపో" అంది. మే నెలలో బనగానపల్లె మామిడి వచ్చినప్పుడు పోతాం. అమ్మ బీపీ మాత్రల డబ్బా కారు డోరులోనే ఉండిపోయింది, కర్నూలు దాటబోతుండగా చూశాం. ఆ రోజుకు వదిన షాపులో ఒక షీటు కొనింది. డబ్బా బస్టాండులో పార్సిల్ వేశాం, నిన్న చేరింది.