షిబారి, కిన్‌బకు: ‘కట్టబడటం’ కాదు, ‘కట్టించుకోవడం’

నమస్కారమండీ. రెండు చిన్న ప్రత్యయాల దగ్గర మూడు వారాలుగా ఆగిపోయి ఉన్నాను. ఈ గుంపులో అడిగితే తప్ప తేలేలా లేదు.

జపాన్‌లో తాడుతో మనిషిని కట్టే కళ ఒకటి ఉంది. దాని మీద తీసిన ఒక డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిళ్ళు రాస్తున్నాను. పెద్దవాళ్ళు, ఇద్దరూ ఇష్టపడి, ఒకరు కడితే ఒకరు కట్టించుకుంటారు. శృంగారానికి సంబంధించిన విషయమే, అది దాచి మాట్లాడను. నాకంటే ముందు ఎవరో రాసిన ముసాయిదా చేతికిచ్చారు. మొదటి వాక్యం ఇలా ఉంది: ‘తాళ్ళతో బంధించబడిన స్త్రీ బాధను అనుభవిస్తోంది.’

తెర మీద జరిగింది వేరు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తనంతట తానే చేతులు వెనక్కి పెట్టింది. కట్టే ఆయన ఆ రెండు మణికట్లనీ ఒక చేత్తో పట్టుకుని, వెంటనే తాడు వెయ్యకుండా ఆగాడు. ఆమె ఊపిరి రెండు మూడుసార్లు పోయి వచ్చేదాకా అలాగే ఉన్నాడు. బిగపట్టి ఉన్న ఆమె భుజాలు కిందకి దిగాయి. అప్పుడు మొదటి చుట్టు పడింది. ‘బంధించబడిన’ అన్న మాటలో ఆ ఆగడమూ లేదు, ఆ భుజాలు దిగడమూ లేదు.

ముందు జపనీస్ మాటలు చూద్దాం. ‘షిబారి’ అంటే కట్టడం, అంతే. పాత పేపర్ల కట్టకి పురికొస చుట్టినా అదే క్రియ. రెండేళ్ళ దాకా కనెక్షన్ మార్చకూడదని మొబైల్ కంపెనీలు పెట్టిన షరతుని అక్కడి జనం ‘నినెన్ షిబారి’ అన్నారు, అంటే రెండేళ్ళ కట్టు. మన ‘కట్టుబాటు’ గుర్తొస్తుంది కదూ! ‘కిన్‌బకు’ అంత వాడుక మాట కాదు. రెండు చీనా అక్షరాల సమాసం: ‘కిన్’ అంటే బిగువు, ‘బకు’ అంటే కట్టు. ఈ కళ విషయంలో వినిపించే మాట ఇది. ఆ ‘కిన్’ అక్షరంతోనే ‘కిన్‌చో’ అనే మాట ఉంది. పరీక్ష హాలు బయట నిలబడితే వచ్చే టెన్షన్ అది. తెలుగులోనూ తాడుకీ బిగువుంటుంది, మనిషీ బిగుసుకుపోతాడు. అందుకని కిన్‌బకుకి ‘బిగికట్టు’ అని రాసుకున్నాను. ‘బిగికౌగిలి’ మనకి ఎప్పటినుంచో ఉన్న మాటే కాబట్టి పక్కన పెడితే అతికినట్టే ఉంది.

చరిత్ర అంత మెత్తగా లేదు. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, ఖైదీని తాడుతో కట్టడం ఒక యుద్ధవిద్య. పేరు హోజోజుట్సు. నేరం ఒప్పించడానికి కట్టి హింసించే పద్ధతులు వేరే ఉండేవి. మనిషిని రొయ్యలా వంచి కట్టేది ‘ఎబిజెమె’, వేలాడదీసేది ‘త్సురిజెమె’. విచారణలో హింసని 1879లో రద్దు చేశారు. ఆ తరవాత ఇతో సెయు (1882–1961) అనే చిత్రకారుడు ఆ పాత కట్లనీ, కబుకి నాటకాల్లో కనిపించే కట్లనీ బొమ్మల్లోకి తెచ్చాడు. యుద్ధం అయ్యాక 1947లో మొదలైన ‘కితాన్ క్లబ్’ పత్రిక వీటిని పాఠకుల ఇళ్ళకి చేర్చింది. శిక్షగా పుట్టిన చేతిపని ఇద్దరి ఇష్టంగా మారింది. మారినా పాత మాటలు పోలేదు.

అలా మిగిలిన ‘సెమె’ దగ్గర నేను చాలాసేపు కూర్చుండిపోయాను. పైన చెప్పిన ఎబిజెమెలో ‘జెమె’గా మారి ఉన్నది అదే: వేధించడం, హింస పెట్టడం. నొప్పి ఎక్కువగా ఉండే కట్టుని ఇప్పటికీ ‘సెమెనవా’ అంటారు. నవా అంటే తాడు. అయితే అదే ‘సెమె’ని మొయ్యడం అంటే జపనీస్‌లో బాధ్యత తీసుకోవడం. బాధ్యతకి వాళ్ళ మామూలు మాట ‘సెకినిన్’. అందులో మొదటి అక్షరం ఈ సెమె అక్షరమే. నొప్పి పెట్టడానికీ, పూచీ పడటానికీ ఒకే అక్షరం! ఈ కళ నాకు అర్థమైనంతలో దాని గుట్టంతా ఇక్కడుంది. తెలుగులో ఈ రెండూ కలిసిన మాట నాకు దొరకలేదు.

దొరకలేదు కానీ, మన క్రియలో ఇంకో బలం ఉంది. కట్టు, కట్టించు, కట్టుకొను, కట్టించుకొను. చివరిది చూడండి. పని చేసేది వేరొకరి చెయ్యి. చేయించేది నేను, ఫలితం నాకు. ఇంత సంగతి ఒక్క క్రియలో చెప్పేశాం. జపనీస్‌లో కట్టించుకునేవారిని ‘ఉకెతె’ అంటారు, అందుకునే చెయ్యి అని. ‘బంధించబడిన స్త్రీ’కి బదులు ‘కట్టించుకున్న మనిషి’ అంటే సరిపోతుందని నా వాదన. మీరేమంటారు?

*

గుంటూరు నుంచి ఒక మాస్టారు: అమ్మా, వాదన బాగుంది. కానీ ‘కట్టించుకున్నారు’ అంటే ఇల్లు కట్టించుకున్నారనే తోస్తుంది. ‘రజ్జుబంధనం’ అంటే గౌరవంగా ఉండదా?

జవాబు: మాస్టారూ, రజ్జువు అనగానే పాము, భ్రాంతి, వేదాంతం వచ్చి కూర్చుంటాయి. బంధనం అంటే జైలు. పైగా సంస్కృతంలో చెబితే విషయం పెద్దమనిషి తరహాగా అవుతుందేమో గానీ, తాడు చేతికి తగలదు. ఇల్లు అడ్డం వస్తుందన్నది నిజమే. అందుకే ఒంటి క్రియగా కాకుండా ‘చేతులు కట్టించుకుంది’ అని అవయవం ముందు పెడుతున్నాను. అప్పుడు అనుమానం ఉండదు.

మనకి ఇంకో కట్టు కూడా ఉంది కదండీ, పుత్తూరు కట్టు. నా చిన్నప్పుడు మా నాన్నగారికి ముంజేయి విరిగితే అక్కడికే వెళ్ళాం. కట్టే ఆయన మాటల్లో పెడుతూనే బొటనవేలితో ఎముక వెంట తడిమాడు. ఒక చోట ఆగాడు. నాన్న ‘అబ్బా’ అని పళ్ళు బిగించారు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. కట్టు పూర్తవగానే ఆయన చూసింది కట్టుని కాదు, నాన్న వేళ్ళని. ‘కదపండి. ఏదీ, ఇంకోసారి.’ గోళ్ళు నొక్కి వదిలి రంగు చూశాడు. డాక్యుమెంటరీలో ఆ జపాన్ ఆయన కూడా చుట్టు చుట్టుకీ మధ్య ఆమె వేళ్ళు పట్టుకుని చల్లబడ్డాయేమో చూస్తుంటే, నాకు ఆ పుత్తూరు గది కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ నొప్పి వైద్యం కోసం, ఇక్కడ నొప్పి ఇద్దరి మధ్య అనుభవం కోసం. ఆ తేడా పెద్దదే, కలిపెయ్యను. కానీ ‘కట్టించుకోవడం’ అన్న మాటలో ఉన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే.

*

ఒక సభ్యురాలు, ఫిజియోథెరపిస్టు: అక్కా, మీ ముసాయిదాలో అన్ని చోట్లా ‘నొప్పి’ అనే ఉంటే మాత్రం మార్చండి. ఇది భాష కోసం కాదు, ప్రాణం మీదకి రాకుండా. జబ్బ బయటి వైపు రేడియల్ నరం ఎముకని చుట్టుకుంటూ దిగుతుంది. చేతులు వెనక్కి పెట్టించి జబ్బల మీదుగా తాడు బిగిస్తే అది నొక్కుకుపోవచ్చు. అప్పుడు మణికట్టు వాలిపోతుంది, అక్కడి నుంచి చెయ్యి పైకెత్తమంటే లేవదు. కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తాడు ఒరుసుకున్న మంట వేరు, కండ లాగిన నొప్పి వేరు, నరం జివ్వుమనడం వేరు. మొదటి రెండూ ఓర్చుకోవచ్చేమో. మూడోది వస్తే తాడు వెంటనే తియ్యాలి. ఒక్కోసారి నొప్పే ఉండదు, మొద్దుబారడమే ఉంటుంది. అది ఇంకా ప్రమాదం.

జవాబు: చెల్లీ, నువ్వు చెప్పింది చదివి ఫైలంతా మళ్ళీ తెరిచాను. జపనీస్‌లో ఆమె వాడిన మాటలు నిజంగానే మూడు రకాలు. చర్మం మండితే ‘హిరిహిరి’, సలుపుతుంటే ‘జుకిజుకి’, కరెంటు పాకినట్టుంటే ‘బిరిబిరి’. అన్నిటికీ ‘నొప్పి’ అని రాసి పడేశారు! మన దగ్గర మాటలకేం తక్కువ? చురచుర, సలుపు, పోటు, జివ్వుమనడం, తిమ్మిరి, చిమచిమ. హిరిహిరికి ‘చురచురమంటోంది’, జుకిజుకికి ‘సలుపుతోంది’ పెట్టాను. ఒక చోట ఆమె ‘బిరిబిరి’ అనగానే కట్టే ఆయన మాట్లాడకుండా ముందు జబ్బ మీది తాడు సడలించాడు, తరవాతే ‘ఎక్కడ’ అని అడిగాడు. ‘నొప్పిగా ఉంది’ అని రాస్తే ఆయన ఎందుకంత తొందరపడ్డాడో మన ప్రేక్షకుడికి అర్థం కాదు. ‘చెయ్యి జివ్వుమంటోంది’ అని మార్చాను.

ఇంకొకటి, తిమ్మిరికి వాళ్ళ మాట ‘షిబిరెరు’. కాళ్ళు మడుచుకుని ఎక్కువసేపు కూర్చుంటే పట్టే తిమ్మిరి అది. ఏదైనా చూసి ఒళ్ళు పులకరించినా అదే మాట. మనం ‘జివ్వుమంది’ అనడం అలాంటిదే: నరం జివ్వుమంటుంది, మనసూ జివ్వుమంటుంది. అలాగే ‘తీపు’. కాళ్ళు తీపులు పుడుతున్నాయంటాం, ఆ లాగే నొప్పికి. తియ్యదనమూ తీపే. సినిమా చివర్లో, కట్టు విప్పాక భుజాలు ఎలా ఉన్నాయని అడిగితే ఆమె నవ్వుతూ చెప్పిన మాటకి ‘తీపులుగా ఉంది’ అని రాశాను. నేను రాసిన వాటిలో నాకు బాగా నచ్చిన సబ్‌టైటిల్ ఇదే.

*

ఒక సభ్యుడు: ఇలాంటివి ఈ గుంపులో అవసరమా? ఆడపిల్లలు కూడా చూస్తుంటారు.

జవాబు: అన్నా, మీ ఇబ్బంది నాకర్థమైంది. ఇక్కడ ఒంటి వర్ణనలు ఏమీ పెట్టలేదు, పెట్టను. కానీ ఇష్టంతో జరిగేదానికీ, బలవంతానికీ తేడా చెప్పే మాట మన భాషలో ఉండాలి. ఆడపిల్లలకి అది ముందు ఉండాలి. ‘కట్టబడింది’ అన్న వాక్యంలో ఆమెని ఎవరూ అడగలేదు.

*

విజయనగరం వైపు నుంచి ఒక పెద్దాయన: అమ్మాయీ, తాడేమిటి? నూలా, నైలానా?

జవాబు: బాబాయ్‌గారూ, మీరు అడుగుతారనే అనుకున్నాను. వాళ్ళు ‘అసనవా’ అంటారు, నారతాడు. ఇప్పుడు ఎక్కువగా జనపనారే. మూడు పేటలు పురి వేసి పేనినది, మందం సుమారు 6 మిల్లీమీటర్లు, పొడవు 7, 8 మీటర్లు. కొత్త తాడు ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి ముందు ఉడకబెట్టి, బరువు కట్టి ఆరేసి, పైకి లేచిన నూగుని మంట మీద చకచకా లాగి కాల్చేసి, కొంచెం నూనె రాస్తారు. తాడుని సగానికి మడిచి ఆ మడతతో మొదలుపెడతారు. అందుకే ప్రతి చుట్టులోనూ రెండేసి వరసలు పక్కపక్కన పరుచుకుంటాయి. ఒక వరస ఇంకోదాని మీదకి ఎక్కితే అక్కడ ఒంట్లోకి దిగుతుంది. సినిమాలో ఆయన చూపుడువేలు తాడు కింద దూర్చి ఆ వరసలు సరిచేసే తీరు చూడాలి. జడ అల్లేటప్పుడు అమ్మ పాయలు సరిచేసినంత ఓపిక.

పెద్దాయన: ముడి?

జవాబు: ముళ్ళు తక్కువ. చుట్లు, మెలికలే ఎక్కువ. చేతికి వేసే మొదటి కట్టు మాత్రం లాగినకొద్దీ బిగిసేది కాకూడదు.

పెద్దాయన: అదే అడుగుదామనుకున్నా. ఆవు మెడకి పలుపు కట్టేటప్పుడు కూడా అంతే. జారుముడి వేస్తే అది గింజుకున్నకొద్దీ ఉరి పడుతుంది. లాగినా బిగియకూడదు, అవసరమైతే ఒక్క గుంజుకి రావాలి. ముడి తెలియనివాడి చేతికి మా నాన్న పలుపు ఇచ్చేవాడు కాదు.

జవాబు: సబ్‌టైటిల్లో ‘నాన్-కొలాప్సింగ్ నాట్’ అని ఇంగ్లీషులో వదిలేసి ఉంది, బాబాయ్‌గారూ. ‘బిగియని ముడి’ అని రాసేస్తున్నాను. కోసెయ్యాల్సి వస్తే అని పక్కనే ఒక మొద్దు మొన కత్తెర కూడా పెట్టుకుంటారు. అది తెర మీద మూలన కనిపిస్తూనే ఉంటుంది.

*

మళ్ళీ నేనే. పని రేపటితో అయిపోతుంది. రెండు సంగతులు చెప్పి వెళతాను.

ఒకటి, ‘విప్పడం’. కట్టడానికి పట్టినంత శ్రద్ధా విప్పేటప్పుడూ పెట్టారు. ఆయన ఒక్కసారిగా లాగెయ్యలేదు. ఒక్కో చుట్టు తీసి, తాడు ఒంటి మీదుగా మెల్లగా జారనిచ్చి, చేతులు ఒక్కసారి ముందుకి తెచ్చెయ్యకుండా భుజాలు పట్టుకుని దించాడు. జబ్బల మీద తాడు పురి అచ్చులు వరసగా పడి ఉన్నాయి. ఆమె వాటిని వేలితో తడుముకుంది. ముసాయిదాలో ఇక్కడ ‘ఆమె విముక్తురాలైంది’ అని ఉంది. తీసేశాను. ‘విప్పించుకుంది’ అని పెట్టాను. మనసు విప్పడానికీ మనకి అదే మాట ఉంది కాబట్టి ఇంకేమీ కలపలేదు.

రెండోది ఇంకా తేలలేదు. కట్టులో కొంతసేపు ఉన్నాక మనిషికి ఒక మగత కమ్ముతుంది, మాట నెమ్మదిస్తుంది, చూపు ఎక్కడో ఉంటుంది. దాన్ని వాళ్ళు ‘నవాయొయి’ అంటారు, తాడు మత్తు అని. తెలుగులో సమాసం చేస్తే తాడు కాస్తా ‘తాటి’ అవుతుంది. ‘తాటి మత్తు’ అంటే అందరికీ తాటికల్లే గుర్తొస్తుంది. ‘కట్టు మగత’ అని రాసుకున్నాను గానీ చెవికి ఎక్కడం లేదు. రేపు సాయంత్రం లోపల ఎవరికైనా మంచి మాట తడితే కింద రాయండి.