బ్యాంకాక్ నుంచి కో సమెట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, చిన్న పాపతో ప్రయాణం ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో నేను, నా భార్య, 6 ఏళ్ల మా పాప, 68 ఏళ్ల మా అమ్మ బ్యాంకాక్ వెళ్తున్నాము. శుక్రవారం ఉదయం 6 గంటలకు సువర్ణభూమి విమానాశ్రయంలో దిగుతాము. తిరుగు విమానం తరువాతి గురువారం రాత్రి 11 గంటలకు. మధ్యలో మూడు రాత్రులు కో సమెట్ దీవిలో గడపాలని ఉంది. మొదట మూడు రాత్రులు నగరంలో ఉండి, చివరి మూడూ దీవిలో గడిపి, గురువారం మధ్యాహ్నం అక్కడి నుంచే నేరుగా విమానాశ్రయానికి చేరుకోవచ్చని లెక్క వేసుకున్నాను. ఈ లెక్క సరైనదేనా? బ్యాంకాక్‌లోని ఎక్కమాయి బస్టాండు నుంచి బస్సులో వెళ్లడం మంచిదా, కారు మాట్లాడుకోవడం మంచిదా? అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల మెట్లు నెమ్మదిగా దిగగలదు గానీ ఊగే పడవలోకి కాలు చాపి ఎక్కలేదు. ఏ పడవ, ఏ తీరం ఆమెకు అనుకూలమో తెలిసినవారు చెప్పగలరని ప్రార్థన.

మొదటి సమాధానం

మీ లెక్కలో నాకు భయం కలిగించేది ఒక్కటే: విమానం ఎక్కే రోజున సముద్రం దాటడం. దీవికీ ఒడ్డుకీ మధ్య దూరం తక్కువే. మామూలు పడవకు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అయితే గాలి ఎక్కువై పడవ ఆలస్యమైనా, రహదారిపై వాహనాలు నిలిచిపోయినా, ఆ ఆలస్యమంతా చివరికి మీ విమానం మీదే పడుతుంది. అందుచేత చివరి రాత్రి తప్పనిసరిగా నగరంలోనో విమానాశ్రయం దగ్గరో ఉండండి.

నేనైతే విమానం దిగగానే దీవికే వెళ్తాను. సువర్ణభూమి నగరానికి తూర్పు వైపున ఉంది. కో సమెట్ ఉన్న రయాంగ్ ప్రాంతం ఆగ్నేయంగా ఉంది. ముందు నగరంలోకి పోయి, మళ్లీ అటే రావడమంటే సామానుతో ఒకే దారిని రెండుసార్లు కొలవడమే. విమానాశ్రయం నుంచి, దీవికి పడవలు బయలుదేరే బాన్ ఫే రేవుకు కారులో రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. మీరు ఎనిమిదింటికి బయలుదేరగలిగితే మధ్యాహ్న భోజనం దీవిలోనే చేయవచ్చు. నలుగురికి, అందులోనూ పెద్దావిడకు, బస్సుకన్నా కారే నయం. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపించుకోవచ్చు.

రెండవ సమాధానం

పై మిత్రులు చివరి రాత్రి గురించి చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ శుక్రవారం దిగి నేరుగా దీవికి వెళ్లమనడం నాకు సమ్మతం కాదు. బ్యాంకాక్ నుంచి మూడు నాలుగు గంటల్లో చేరగల తెల్లని ఇసుక తీరం కనుక, శుక్రవారం మధ్యాహ్నం మొదలుకొని నగరవాసులే పెద్ద సంఖ్యలో అక్కడికి తరలివస్తారు; గదుల ధరలు పెరుగుతాయి, రాత్రి సంగీతపు హోరు కూడా పెరుగుతుంది. ఆదివారం మధ్యాహ్నం వాళ్లంతా తిరుగుముఖం పడుతుంటే మీరు వాళ్లకు ఎదురుగా దీవిలోకి వెళ్లండి. శుక్ర, శనివారాల రాత్రులు నగరంలో, ఆది, సోమ, మంగళవారాలు దీవిలో, బుధవారం రాత్రి మళ్లీ నగరంలో గడిపితే మీ ఆరు రాత్రులూ చక్కగా సరిపోతాయి. ఒకే దారిని రెండుసార్లు కొలిచినా నష్టం లేదు. రాత్రంతా విమానంలో కూర్చొని వచ్చిన పెద్దావిడను అదే ఉదయం మరో మూడు గంటలు కారులో కూర్చోబెట్టడం కన్నా అది మేలే.

పడవ సంగతికి వస్తే, మీ అమ్మగారి కోసం స్పీడ్ బోటును పక్కన పెట్టండి. అది పావుగంటలో చేరుస్తుంది, నిజమే. కానీ అల మీద ఎగిరి పడుతూ పోతుంది, పైగా చాలాసార్లు తీరం దగ్గర నీళ్లలోనే దింపుతుంది. మోకాలి లోతు నీటిలోకి దూకడం పాపకు సరదా కావచ్చు గానీ ఆమెకు కాదు. బాన్ ఫే నుంచి దీవిలోని నాదాన్ రేవుకు వెళ్లే పెద్ద చెక్క పడవ నెమ్మదిగా పోయినా గట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ కూడా పడవకూ గట్టుకూ మధ్య ఒక అడుగు వేయక తప్పదు. సిబ్బంది చెయ్యి అందిస్తారు, మొహమాటపడకుండా పట్టుకోమని చెప్పండి. ఈ పడవలు పగటిపూటే నడుస్తాయి కాబట్టి, చీకటి పడేలోపు ఎంత ముందుగా బాన్ ఫే చేరితే అంత మంచిది.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారం వెళ్లి బుధవారం తిరిగి రావడమే మాకు కుదురుతుంది. ఇక తీరం సంగతి మిగిలింది. సూర్యాస్తమయం కోసం ఆవ్ ఫ్రావ్‌లో ఉండమని ఒక బంధువు అంటున్నారు. కానీ ఆ తీరం నూనెతో నల్లబడిన చిత్రాలు చూసి నా భార్య సందేహిస్తోంది. అసలు కో సమెట్ బదులు పట్టాయా పక్కనున్న కో లాన్ దీవికి వెళ్తే శ్రమ తగ్గుతుందా?

మూడవ సమాధానం

ఆ చిత్రాలు 2013 జూలై నాటివి. అప్పుడు సముద్రంలో ముడిచమురు ఒలికి ఆవ్ ఫ్రావ్‌కు కొట్టుకువచ్చింది. దాన్ని తొలగించి తీరాన్ని శుభ్రం చేశారు. పడమటి వైపున చెప్పుకోదగ్గ తీరం అదొక్కటే కాబట్టి సూర్యాస్తమయం విషయంలో మీ బంధువు మాట నిజమే. అయినా మీకు నేను హాట్ సాయ్ కేవ్ తీరాన్నే చెబుతాను. థాయ్ భాషలో సాయ్ అంటే ఇసుక, కేవ్ అంటే గాజు. అడుగు పెడితే ఆ పేరెందుకు వచ్చిందో తెలుస్తుంది. నాదాన్ రేవు నుంచి పది పన్నెండు నిమిషాల నడక, అది కూడా వద్దనుకుంటే ఎదురెదురు బల్లలున్న సాంగ్‌తేవ్ బండి దొరుకుతుంది. బండి వెనుక మెట్టు కాస్త ఎత్తు కనుక అమ్మగారిని ముందు సీటులో కూర్చోబెట్టమని డ్రైవరును అడగండి. సందడి వద్దనుకుంటే ఇదే తూర్పు ఒడ్డున ఇంకా దక్షిణంగా ఉన్న ఆవ్ వాంగ్ దువాన్ ఉంది గానీ, అక్కడికి బండి ప్రయాణం తప్పదు.

కో లాన్ నిజంగానే దగ్గర. పట్టాయా బాలి హాయ్ రేవు నుంచి పడవలు వెళ్తాయి. అయితే ఉదయం వచ్చి సాయంత్రం పోయే యాత్రికులే అక్కడ ఎక్కువ. మూడు రాత్రులు నెమ్మదిగా గడపాలనుకునే కుటుంబానికి కో సమెట్ తగినది. పేర్లు దగ్గరగా ఉన్నాయని గది వెతికేటప్పుడు కో సముయి అని పొరబడకండి, అది ఎంతో దూరాన దక్షిణాన ఉన్న వేరే దీవి.

ఇంకొక సంగతి. ఈ దీవి 1981లో ఏర్పడిన జాతీయ వనంలో భాగం కాబట్టి విదేశీయులకు ప్రవేశ రుసుము ఉంటుంది. నేను వెళ్లినప్పుడు పెద్దలకు 200 బాత్‌లు, పిల్లలకు 100. ఒకసారి చెల్లిస్తే చాలు. ఆ రసీదును మాత్రం పారేయకుండా చొక్కా జేబులోనే ఉంచుకోండి, మళ్లీ అడిగితే చూపించాలి కదా.