20 కేబీ ర్యామ్‌లో ఎల్‌డబ్ల్యూఐపీ: ఎక్కడ కోత పెట్టాలి?

ప్రశ్న

మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎం32ఎఫ్103సీ8, ర్యామ్ 20 కేబీ. ఈఎన్‌సీ28జే60 ఈథర్నెట్ చిప్, ఎల్‌డబ్ల్యూఐపీ (చిన్న పరికరాల టీసీపీ/ఐపీ నెట్‌వర్క్ స్టాక్) రా ఏపీఐ (కాల్‌బ్యాక్‌లతో నేరుగా వాడే పద్ధతి), ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న రియల్‌టైమ్ ఓఎస్). 10 సెకన్లకోసారి ఎంక్యూటీటీ (తేలికపాటి మెసేజింగ్ ప్రోటోకాల్)లో 100 బైట్లు పంపాలి, అంతే. ఎంఎస్‌ఎస్ (ఒక టీసీపీ సెగ్మెంట్‌లో పట్టే గరిష్ఠ డేటా) 1460, పూల్ (వచ్చే ప్యాకెట్లకు ముందే కేటాయించిన బఫర్లు) 16 పెడితే ర్యామ్ చాలదని లింకర్ ఆపేస్తోంది. పూల్ 4 చేస్తే బిల్డ్ అవుతోంది గానీ కొన్ని గంటలకు పింగ్‌కీ జవాబు రావడం లేదు.

జవాబు 1

ఒక్కో పూల్ బఫర్‌కి 1,500 బైట్ల పైనే పడుతుంది. 16 కలిస్తే దాదాపు 24 కేబీ, అంటే మీ ర్యామ్‌ మొత్తం కన్నా ఎక్కువ. 100 బైట్లు పంపడానికి 1460 ఎందుకండీ? ఎంఎస్‌ఎస్ 536 చేయండి. అప్పుడు బఫర్ సుమారు 592 బైట్లు, 6 పెట్టినా మూడున్నర కేబీతో సరి. టీసీపీ విండో (అవతలివాళ్ళు ఒకేసారి పంపగల డేటా పరిమితి) 4 × 536, సెండ్ బఫర్ 2 × 536 చాలు. విండో మాత్రం పూల్‌లో పట్టే డేటాను మించకూడదు. ఐపీ రీఅసెంబ్లీ (ప్యాకెట్ ముక్కల్ని కలపడం), ఫ్రాగ్మెంటేషన్ (ముక్కలు చేయడం) రెండూ తీసేయండి. టీసీపీ కాని ఫ్రేమ్ 1514 బైట్ల దాకా రావచ్చు, అది మూడు బఫర్ల గొలుసుగా వస్తుంది. డ్రైవర్ మొదటి బఫర్‌లోనే మొత్తం రాసేస్తే పక్క మెమరీ పాడవుతుంది.

ఫ్రీఆర్‌టీఓఎస్ వేరే పనికి అక్కర్లేకపోతే నో_సిస్ (ఓఎస్ లేకుండా నడిపే సెట్టింగ్) 1 పెట్టి మెయిన్ లూప్‌లో సిస్_చెక్_టైమౌట్స్ (స్టాక్ టైమర్లు నడిపే ఫంక్షన్) పిలవండి. టాస్క్ స్టాక్, మెయిల్‌బాక్స్ (టాస్కుల మధ్య సందేశాల క్యూ) రెండింటి ర్యామ్ మిగులుతుంది.

జవాబు 2

కోతలు సరే, గంటల తర్వాత ఆగడం సైజు సమస్యలా లేదు, లీక్‌లా (వాడిన మెమరీ తిరిగి రాకపోవడం) ఉంది. రిసీవ్ కాల్‌బ్యాక్‌లో టీసీపీ_రిసీవ్డ్ (డేటా తీసుకున్నామని స్టాక్‌కి చెప్పేది), ఆ తర్వాత పీబఫ్_ఫ్రీ (బఫర్‌ని పూల్‌కి తిరిగిచ్చేది) రెండూ ఉండాలి. మొదటిది మరిస్తే విండో మూసుకుపోయి ఆ కనెక్షన్‌లో రాక ఆగుతుంది, పింగ్ మాత్రం పనిచేస్తుంది. రెండోది మరిస్తే పూల్ ఖాళీ అయి పింగ్ కూడా పోతుంది, మీకు జరుగుతున్నది ఇదే కావచ్చు. ఎల్‌డబ్ల్యూఐపీ_స్టాట్స్ ఆన్ చేసి పూల్ వాడకం చూడండి: మెల్లగా పెరుగుతూ తగ్గకపోతే లీకే.

పెరగకపోతే ఈథర్నెట్ చిప్‌ని అనుమానించండి. ప్యాకెట్ వచ్చిందని చెప్పే పీకేటీఐఎఫ్ బిట్ నమ్మదగ్గది కాదని దాని ఎర్రాటాలోనే (తయారీదారు ఇచ్చే లోపాల జాబితా) ఉంది, ఈపీకేటీసీఎన్‌టీ రిజిస్టర్‌లోని ప్యాకెట్ల లెక్క చదవండి. ఈఆర్‌ఎక్స్‌ఆర్‌డీపీటీ (రిసీవ్ బఫర్ రీడ్ పాయింటర్ రిజిస్టర్)లో బేసి సంఖ్యే రాయాలి. ఇంకోటి: రా ఏపీఐని ఇంటరప్ట్ నుంచో వేరే టాస్క్ నుంచో పిలుస్తుంటే ముందు అది ఆపండి.

జవాబు 3

యూఐపీ (ఎల్‌డబ్ల్యూఐపీ కన్నా చిన్న టీసీపీ/ఐపీ స్టాక్) ఆలోచించారా? మొత్తానికి ఒకే ప్యాకెట్ బఫర్. ఒక్కో కనెక్షన్‌లో ఒకే సెగ్మెంట్ దారిలో ఉంటుంది కాబట్టి అవతలివాళ్ళు ఏసీకే (అందిందనే జవాబు) 200 మిల్లీసెకన్లు ఆపితే సెకనుకు 5 ప్యాకెట్లే. మీ పనికి అది ఎక్కువే. కాకపోతే ప్యాకెట్ పోతే మళ్ళీ తయారు చేయాల్సింది మీ కోడే, స్టాక్ కాపీ దాచదు.

టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) కూడా కావాలంటే ఈ మైక్రోకంట్రోలర్ మీద ఆశ పెట్టుకోకండి. ఎంబెడ్‌టీఎల్‌ఎస్ (చిన్న పరికరాల టీఎల్‌ఎస్ లైబ్రరీ) డిఫాల్ట్‌గా వచ్చే డేటా బఫర్‌కే 16 కేబీ అడుగుతుంది. సర్వర్ ఫ్రాగ్మెంట్ సైజు తగ్గించడానికి ఒప్పుకుంటేనే అది దిగుతుంది.