ట్రాఫిక్ లేని తెల్లాపూర్‌లో మధ్యాహ్నం ఓజోన్ ఎందుకు పెరుగుతోంది? మన రోడ్ల ప్లాన్‌లో దీని లెక్క ఉంటుందా?

తెల్లాపూర్‌వాసి అడిగారు:

అందరికీ నమస్తే. రెండేళ్ల కింద హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న నల్లకుంట నుంచి ఊరి చివర తెల్లాపూర్‌కి మారాం, అమ్మకి ఆస్తమా, అక్కడి పొగ పడట్లేదని. పీఎం 2.5 (గాలిలోని సన్న ధూళి) సంగతి నిజంగానే కాస్త నయం. కానీ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి గాలి నాణ్యత చూపించే సమీర్ యాప్ చూస్తుంటే మాకు దగ్గర్లో ఉన్న స్టేషన్‌లో పొద్దున అంతా మామూలుగా ఉండి, మధ్యాహ్నం రెండు మూడు అయ్యేసరికి ఓజోన్ గీత నిక్కుతోంది, సాయంత్రం అమ్మ మేడ మీద ఆరేసిన వడియాలు తియ్యడానికి వెళ్లొస్తే చాలు ఇన్‌హేలర్ వెతుక్కుంటోంది. మా గేటు ముందు ఆ టైమ్‌కి గంటకి పది బండ్లు కూడా పోవు, మరి ఇదెక్కడి నుంచి వస్తోంది? ఇంకోటి, మా వదిన తమ్ముడు అట్లాంటాలో ఉంటాడు, అక్కడ ఒకప్పుడు ఓజోన్ ఎక్కువైందని కొత్త రోడ్లకి డబ్బులే ఆపేశారంట. నిజమేనా, లేక అమెరికా గొప్పలా?

కెమిస్ట్రీ మేడం:

మొదటి ప్రశ్న నాది :) ఇంటర్ పిల్లలకి ఏటా చెప్పేదే. ఇది ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్ పొర కాదు, నేల దగ్గర ఊపిరికి ఇబ్బంది పెట్టే ఓజోన్. ఇది ఏ సైలెన్సర్ నుంచీ నేరుగా రాదు. బండ్ల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, పెట్రోల్ ఆవిరి, పెయింట్లు, సాల్వెంట్ల నుంచి వీఓసీలు (తేలిగ్గా ఆవిరయ్యే కార్బన్ రసాయనాలు) వస్తాయి, ఈ రెండూ ఎండలో ఉడికితే ఓజోన్ తయారవుతుంది. అంటే ఇది పొయ్యి మీద పెట్టిన అన్నం లాంటిది, పొద్దున ట్రాఫిక్‌లో బియ్యం పడితే మధ్యాహ్నానికి ఉడుకుతుంది.

ఇప్పుడు తమాషా ఏంటంటే ఇంజిన్ నుంచి అప్పుడే బయటికొచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ని తినేస్తుంది కూడా. అందుకే పంజాగుట్ట జంక్షన్‌లాంటి చోట, అంత రొదలో, ఓజోన్ తక్కువ కనిపించొచ్చు, అదే గాలి ఊరు దాటి మీ వైపు వచ్చేసరికి తినేవాడు ఉండడు, తయారయ్యేది మాత్రం ఆగదు. 2020 లాక్‌డౌన్ గుర్తుందా, రోడ్లన్నీ ఖాళీ, చాలా నగరాల్లో నైట్రోజన్ డయాక్సైడ్ బాగా పడిపోయింది, ఓజోన్ మాత్రం అంతగా తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగింది కూడా. రెండిట్లో ఒకదాన్నే తగ్గిస్తే ఒక్కోసారి ఇలా అడ్డం తిరుగుతుంది. అమ్మగారి వడియాలు పొద్దున తొమ్మిదికే పెట్టేసి, పూర్తిగా చీకటి పడ్డాక తియ్యమనండి. ఓజోన్ ఎక్కువుండే టైమ్‌లో మేడ ఎక్కడం తప్పుతుంది.

లెక్కలసారు:

రెండో ప్రశ్నకి నేను. పన్నెండేళ్లుగా ట్రాఫిక్ మోడళ్లు చేసే పనిలోనే ఉన్నా, ఎక్కడని అడక్కండి.

అట్లాంటా సంగతి నిజమే. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ అనే గాలి కాలుష్య చట్టం కింద ట్రాన్స్‌పోర్టేషన్ కన్ఫార్మిటీ అని ఒకటుంది, 1990 సవరణలతో అది గట్టిపడింది. పద్ధతి సింపుల్‌గా చెప్తా. ఓజోన్ హద్దు దాటిన ప్రాంతానికి రాష్ట్రం ముందు ఒక బడ్జెట్ రాస్తుంది, రూపాయల్లో కాదు, రోజుకి ఇన్ని టన్నుల నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇన్ని టన్నుల వీఓసీలు మాత్రమే బండ్ల నుంచి రావాలి అని. తర్వాత ఆ మెట్రో ప్రాంతం ఇరవై ఏళ్ల రోడ్ల ప్లాన్ మొత్తాన్ని మోడల్‌లో వేసి, ఏ రోడ్డు మీద ఎన్ని బండ్లు ఏ స్పీడులో పోతాయో తీసి, పొగ లెక్క కట్టాలి. బడ్జెట్ దాటితే కొత్త రోడ్లు, వెడల్పు చేసే పనులకి కేంద్రం డబ్బు ఆగిపోతుంది, సేఫ్టీ పనులు, బస్సుల్లాంటివి చాలావరకు నడుస్తాయి. అట్లాంటాకి 1998లో సరిగ్గా అదే జరిగింది, ఆ దెబ్బకే 1999లో జార్జియా ప్రభుత్వం ప్రాంతం మొత్తానికి ఒక రవాణా అథారిటీ పెట్టింది. గాలి బాగోలేదని కాంట్రాక్టర్ బిల్లు ఆగడం, మనకి ఊహకి కూడా అందదు కదా.

మన దగ్గర? 2009 ప్రమాణాల్లో ఓజోన్ ఉంది, ఘనపు మీటరు గాలిలో ఎనిమిది గంటల సగటు 100 మైక్రోగ్రాములు, ఒక గంట సగటు 180. కాగితం మీద హద్దు ఉంది, దాటితే ఏ రోడ్డూ ఆగదు. 2019లో వచ్చిన ఎన్‌క్యాప్, అదే కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం, చూసేదంతా దుమ్ము ధూళే. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పరిధి అంతటికీ ట్రాన్స్‌పోర్ట్ స్టడీలు జరిగాయి, ఉమ్‌టా పేరుతో అన్ని రవాణా సంస్థల్నీ ఒక గొడుగు కిందకి తేవాలని 2008లోనే అనుకున్నారు, కానీ నేను కూర్చున్న మీటింగుల్లో అడిగేది ఒక్కటే, "జంక్షన్‌లో ఎన్ని సెకన్లు తగ్గుతుంది?". ఊరి చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు (ఓఆర్ఆర్) మీద స్పీడ్ 2023లో 100 నుంచి 120కి పెంచారు, ఆ స్పీడులో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, ఆ మాట ఎవరైనా లెక్క వేసి ముందు పెట్టగా నేను వినలేదు. ఇప్పుడు దాని బయట ఇంకో రింగు కూడా వస్తోంది.

డీజిల్‌బండి:

సారూ మీ టన్నుల లెక్క మంచిగనే ఉన్నది గానీ అంతా తిరిగి మా క్యాబులోళ్ల నెత్తినే పడతది. పదేండ్ల బండి, ఈఎంఐ మొన్ననే అయిపోయింది, ఇప్పుడు అది తీసేసి ఎలక్ట్రిక్ కొను అంటరు. రోడ్డు ట్యాక్స్ మాఫీ ఉన్నదంటరు, నిజమే, మరి బండి పైసలు ఎవడిస్తడు?

ఇగ పొల్యూషన్ సర్టిఫికెట్ ముచ్చట చెప్పనా. మొన్న బంకు పక్కన చెట్టు కింద వ్యాన్ దగ్గరికి పోయిన, పిల్లగాడు నంబర్ ప్లేట్ ఫోటో కొట్టిండు, గొట్టం సైలెన్సర్‌ల పెట్టినట్టు పెట్టి బయటికి తీసిండు, రేస్ ఇయ్యమని కూడా అనలే. రెండు నిమిషాల్ల కాగితం చేతిలున్నది. ఈ కాగితంతోని మీ ఓజోన్ తగ్గుతదా?

లెక్కలసారు:

అన్నా, గొట్టం లోపలిదాకా పెట్టినా తగ్గదు, అసలు కథ అదే. ఆ పొల్యూషన్ సర్టిఫికెట్ (పీయూసీ) పరీక్షలో పెట్రోల్ బండికి ఇంజిన్ ఆన్‌లో ఉండి కదలకుండా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు, డీజిల్‌కి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. డీజిల్ కారుకి కొత్తగా అమ్మేటప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు పాత భారత్ స్టేజ్ ప్రమాణం బీఎస్-4లో కిలోమీటరుకి 250 మిల్లీగ్రాములు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6లో 80, మంచి మార్పే, కానీ షోరూమ్ దాటాక అది అలాగే ఉందో లేదో అడిగే నాథుడు లేడు. మిమ్మల్ని అనట్లేదు, మీ బండి ఒక్కటి తీసేస్తే వచ్చేది ఏమీ లేదు. ముందు డిపోల్లో ఉన్న పాత డీజిల్ బస్సులు, రాత్రిళ్లు తిరిగే టిప్పర్లు మారాలి, రోజంతా తిరిగేవి అవే కదా.

కెమిస్ట్రీ మేడం:

డీజిల్ సరే, పెట్రోల్ సంగతి మర్చిపోకండి. ఎండలో బంకులో స్కూటీకి కొట్టిస్తుంటే ట్యాంక్ మూతి దగ్గర గాలి అల్లల్లాడుతూ కనిపిస్తుంది చూడండి, ఆ వాసన అంతా వీఓసీనే, నేరుగా వంటలోకి పోతోంది. ఆవిరిని తిరిగి లాగేసుకునే నాజిల్ ఉంటుంది, అన్ని బంకుల్లో లేదు. అమెరికాలో ఓజోన్ ఎక్కువ ఉంటుందన్న రోజు పెట్రోల్ సాయంత్రం దాటాక కొట్టించుకోండి అని చెప్తారు.

తెల్లాపూర్‌వాసి:

అందరికీ థాంక్స్, పొగ తక్కువని ఊరి చివరికొస్తే ఊరి వంట అంతా మా వాకిట్లో ఉడుకుతోందన్నమాట. ఈసారి ఏ రోడ్డుకైనా అభ్యంతరాలు అడిగితే నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్క ఏదని రాసిస్తా, సారు ఆ లెటర్ కాస్త చూసి పెట్టాలి. పెట్రోల్ మాత్రం ఇవాళ్టి నుంచే రాత్రి ఏడు దాటాక.

డీజిల్‌బండి:

ఏడింటికి మీ దిక్కు బంకుల లైను రోడ్డు దాకా ఉంటది అన్నా, ఇంజన్ ఆన్‌లనే పెట్టి అరగంట నిలబడతరు. పదికి పోర్రి.