అరకు వాలులో హోటల్: కొండ తవ్వకుండా కట్టడం కుదురుతుందా?

కొండగాలి: అరకు దగ్గర మా సొంత భూమిలో నలభై మంది కూర్చునే భోజన హోటల్ పెడదామనుకుంటున్నాం. నేలంతా వాలు, మధ్యలో రెండు పనస చెట్లు. మేస్త్రీ ఏమో జేసీబీతో చదును చేసి పైన రేకులు వేసేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. వేరే దారి ఉందా?

రాళ్లగోడ: చదును మాత్రం వద్దండీ. మా ఊళ్లో ఒకాయన అలాగే కొండ కోసి కట్టాడు, రెండో వానకే వెనక మట్టి జారి వంటగదిలోకి వచ్చేసింది. వాలును బట్టి మెట్లుమెట్లుగా నేల వేసుకోండి. పోర్చుగల్‌లో ఆర్కిటెక్ట్ ఆల్వారో సిజా కట్టిన బోవా నోవా టీ హౌస్ ఫొటోలు చూడండి, 1963లో పూర్తయింది, సముద్రపు ఒడ్డు బండల మధ్యే ఒదిగిపోయి ఉంటుంది.

ఎర్రఇటుక: గోడలకి ర్యాట్ ట్రాప్ బాండ్ అడగండి, కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ బాగా వాడిన పద్ధతి. ఇటుకను అంచు మీద నిలబెట్టి పేరుస్తారు, మధ్యలో ఖాళీ ఉండిపోతుంది కాబట్టి ఇటుకలు దాదాపు పావు వంతు మిగులుతాయి, ఎండా చలీ లోపలికి అంతగా రావు. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడమే టెన్షన్. పైకి పెంకులే వేయండి, రేకుల మీద వాన పడితే ఆర్డర్ కూడా వినపడదు.

కొండగాలి: మరి పనస చెట్లు?

రాళ్లగోడ: ఉంచేయండి, మొదళ్ల చుట్టూ సిమెంటు పోయకండి. కాయల కాలంలో కింద టేబుల్ మాత్రం వేయొద్దు :)