అప్‌డేట్: వియత్నాం విద్యార్థులకు 'వెన్' ఎలా నేర్పాలన్న నా ప్రశ్న

హనోయ్‌లో నా దగ్గర ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు 'వెన్ యూ గో హోమ్?' అంటున్నారు, వెళ్లడం అయిపోయిందో ఇంకా వెళ్లాలో అర్థం కావట్లేదని పోయిన నెల అడిగాను. వాళ్ల భాషలో 'ఎప్పుడు' ఎక్కడ వస్తుందో చూడమని ఒకరు చెప్పారు. వాళ్లకు చాలా థ్యాంక్స్, కిటుకు అక్కడే ఉంది!

వియత్నామీస్‌లో క్రియ రూపం మారదు. 'ఎప్పుడు'కి వాళ్ల మాట 'బావ్ జో'. అది మొదట్లో వస్తే జరగబోయేది, చివర్లో వస్తే జరిగిపోయింది. 'బావ్ జో ఆన్ డి?' అంటే అన్నా, ఎప్పుడు వెళ్తావు? 'ఆన్ డి బావ్ జో?' అంటే ఎప్పుడు వెళ్లావు? ఎంత అందంగా ఉందో! మన తెలుగులో కాలం క్రియలోనే తెలిసిపోతుంది కాబట్టి నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

బోర్డు మీద ఆ రెండూ రాసి, మొదటిదాని పక్కన 'విల్', రెండోదాని పక్కన 'డిడ్' పెట్టాను. ఇంగ్లిష్ ప్రశ్నలో 'వెన్' ముందే ఉండిపోతుంది, కాలం సంగతి ఈ మాటలే చూసుకుంటాయని చెప్పాను. వెంటనే పట్టుకున్నారు.

'డిడ్ యూ వెంట్' అనడం మాత్రం ఇంకా పోలేదు. ఈ వారం దాని మీదే కూర్చుంటాం.