పైపు పగిలి ఇల్లంతా నీళ్ళు నిండాయి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారమండి. మూడు రోజులు ఇంట్లో ఎవరం లేము. నిన్న సాయంత్రం తలుపు తీసేసరికి హాల్లో పాదాలు మునిగేంత నీళ్ళు. బాత్రూంలో వాష్‌బేసిన్ కింద ఉండే కనెక్షన్ పైపు పగిలి, బెడ్‌రూమ్ మీదుగా హాల్లోకి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. వాల్వు కట్టేసి, రాత్రంతా నేనూ మావారూ నీళ్ళు ఎత్తిపోశాం. పొద్దున ప్లంబర్ వచ్చి కొత్త పైపు బిగించి వెళ్ళాడు. చెక్క ఫ్లోరింగ్ మధ్యలో ఉబ్బి లేచింది. బట్టల బీరువా అడుగు చెక్క నాని లావెక్కింది. గోడలకు కింద జానెడు ఎత్తున తడి పాకింది. మంచం కింద పెట్టెలో ఉన్న ఇంటి కాగితాలు, పాత ఫోటోలు కూడా తడిశాయి.

ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వాడలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే నష్టం చూసి అంచనా వేసే సర్వేయర్ నాలుగు రోజుల్లో వస్తారు, అప్పటిదాకా ఏమీ కదపొద్దు అన్నారు. తడి అలాగే వదిలేస్తే ఇల్లు పాడవుతుందని భయం, ఆరబెడితే డబ్బు రాదేమోనని భయం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ బాత్రూం గోడకు అవతలి వైపు చిన్న చెమ్మ మరక ఏడాదిగా ఉంది. అది చూస్తే క్లెయిమ్ కొట్టేస్తారు, సర్వేయర్ వచ్చేలోపు పెయింట్ వేయించెయ్యమని తెలిసినవాళ్ళు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు

ముందు ఒక్క పని చేసి వచ్చి మిగతాది చదవండి. ప్లంబర్ విప్పిన ఆ పాత పైపు ఎక్కడుంది? చెత్తబుట్టలో పడేసి ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. తుడవద్దు, కడగొద్దు. ఉన్నదున్నట్టు ఒక కవర్లో పెట్టి, పైన తేదీ రాసి దాచండి.

నీళ్ళ వల్ల జరిగే నష్టాలు చూసి అంచనా కట్టే పనిలో నేను చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఇల్లు ఎంత తడిసిందనే దాని మీద క్లెయిమ్ నిలబడదండి. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి, ఒక్కసారిగా వచ్చాయా, నెలల తరబడి కారుతూ వచ్చాయా అన్న దాని మీద నిలబడుతుంది. పైపు ఉన్నట్టుండి పగలడం చాలా పాలసీల్లో కవర్ అవుతుంది. మెల్లగా ఊరే చెమ్మ, మెయింటెనెన్స్ లేక పాడవడం మామూలుగా కవర్ కావు. బయటి నుంచి వచ్చే వరద నీళ్ళు, డ్రైనేజీ వెనక్కి తన్నడం చాలా చోట్ల విడిగా తీసుకోవలసిన కవర్లు. అంటే మీ గోడకున్న తడికి కారణం ఏమిటో చూపించే వస్తువు ప్రస్తుతానికి ఆ పైపు ముక్క ఒక్కటే. దాని నట్టు దగ్గర చూడండి. బయట స్టీలు అల్లిక ఉండి లోపల రబ్బరు గొట్టం ఉండే రకమైతే, నట్టు పక్కనే అల్లిక తెగి రబ్బరు చీలి ఉంటుంది, లేదంటే నట్టే నిలువునా పగిలి ఉంటుంది. ఆ చీలికను దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి నాలుగు ఫోటోలు తీయండి. పైపు వరకు కొత్తది వేసిన ఖర్చు చాలా పాలసీలు ఇవ్వవు. అది పగలడం వల్ల జరిగిన నష్టం వేరే లెక్క. ఆ రెండూ ఒకటే అనుకుని చాలామంది అసలు క్లెయిమే వేయకుండా ఊరుకుంటారు.

ఇప్పుడు 'కదపొద్దు' అన్న మాట సంగతి. ఫోన్లో అలా చెప్పారు కానీ, మీ పాలసీ కాగితం తీసి చూడండి, నష్టం పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం మీ బాధ్యత అని దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. తడి గోడ మీద బూజు మొదలవడానికి 24 నుంచి 48 గంటలు చాలు. నాలుగు రోజులు ఊరికే కూర్చుంటే, ఆ బూజు మీ నిర్లక్ష్యం ఖాతాలోకి పోవచ్చు. కాబట్టి ఆరబెట్టండి. కానీ ఫోటోలు, వీడియో తీశాకే ఏదైనా కదపండి. శాశ్వత మరమ్మతులు, అంటే ఫ్లోరింగ్ మార్చడం, పెయింట్ వేయడం, బీరువా పారేయడం మాత్రం సర్వేయర్ చూసేదాకా ఆపండి. ఈ రెండు ముక్కలూ ఈరోజే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: "నష్టం పెరగకుండా నీళ్ళు తీసి, ఆరబెడుతున్నాం, పాడైన వస్తువులన్నీ మీరు చూసేదాకా ఉంచుతున్నాం, అభ్యంతరం ఉంటే వెంటనే తెలపండి." ఫోన్లో మాట్లాడినవి కూడా తేదీ, టైము, క్లెయిమ్ నంబరుతో అందులోనే రాయండి. ఫ్యాన్లు, తడి పీల్చే యంత్రం అద్దెకు తెచ్చినా, పనివాళ్ళను పెట్టుకున్నా బిల్లులు దాచండి. ఆ ఖర్చు కూడా అడగవచ్చు.

ఆ చెమ్మ మరక విషయం. పెయింట్ వేయించకండి. గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే మీకు మేలు చేస్తున్నాం అనుకుని సలహా ఇచ్చినవాళ్ళు మిమ్మల్ని పెద్ద ప్రమాదంలోకి నెడుతున్నారు. తాజా పెయింట్ చూడగానే తెలిసిపోతుంది. తేమ కొలిచే మీటరు సూదులు గోడకు ఆనిస్తే పెయింట్ వెనక ఉన్నది కూడా బయటపడుతుంది. చిన్న మరక దాచినందుకు, న్యాయంగా రావలసిన మొత్తం క్లెయిమ్ పోయే వీలుంది. మోసం ఉంటే పాలసీయే చెల్లదనే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. దానికి బదులు మీరే ముందుగా చెప్పండి. ఆ మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఫోటో తీయండి. మీ ఫోన్లో పాత ఫోటోలు వెతకండి, ఎక్కడో ఒక దాంట్లో వెనకాల ఆ గోడ పడి ఉంటుంది. ఆరు నెలల కిందట కూడా మరక అంతే ఉందని చూపించగలిగితే, ఇప్పటి తడికి దానికి సంబంధం లేదని చెప్పడం తేలిక. పాత చెమ్మకు అంచులు గోధుమరంగులో, అడ్డదిడ్డంగా, పొరలు పొరలుగా ఉంటాయి, సున్నం పొట్టు లేస్తుంది. నిలిచిన నీళ్ళ వల్ల వచ్చిన తడి గదంతా దాదాపు ఒకే ఎత్తున గీత గీసినట్టు ఉంటుంది. చూసే కన్నుకు తేడా తెలుస్తుంది.

ఇంకో జవాబు

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. మా ఇంట్లో ఇలాగే జరిగినప్పుడు ఆరబెట్టడంలో చేసిన తప్పు చెబుతాను. పైకి ఆరినట్టే కనిపించిందని వారానికే ఫ్లోరింగ్ కొత్తది వేయించాం. కింద తడి అలాగే ఉండిపోయింది. రెండు నెలలకు వాసన మొదలైంది, కొత్తది మళ్ళీ ఉబ్బింది. రెండోసారి అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు, వాళ్ళను తప్పు పట్టడానికి కూడా లేదు. ఉబ్బిన పలకల కింద నీళ్ళు నిలిచే ఉంటాయి, వాటిని లేపితే తప్ప ఆరవు. ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పి, కొన్ని పలకలు లేపి గాలి తగిలేలా చేయండి. లేపినవి పారేయకుండా పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముందు కరెంటు. తడి తగిలిన సాకెట్ల సర్క్యూట్ మెయిన్ దగ్గర ఆపేయండి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు. తడిసిన టీవీ, కంప్యూటర్ లాంటివి పనిచేస్తాయేమో చూద్దామని స్విచ్ వేయకండి.

కాగితాలు, ఫోటోల గురించి ఎవరూ చెప్పలేదు, నా మనసు అక్కడే ఉంది. వాటిని ఎండలో పెట్టకండి, ఒకదానికొకటి అంటుకున్నవి బలవంతంగా లాగకండి. కాగితాలు కొద్దిగా ఉంటే మధ్యమధ్యలో తెల్లకాగితం పెట్టి, నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా అంటుకుంటుంది. కట్టలుగా ఉండి ఇప్పుడు చూసుకునే తీరిక లేకపోతే, విడివిడిగా కవర్లలో పెట్టి ఫ్రీజర్లో ఉంచండి. గ్రంథాలయాల్లో తడిసిన పుస్తకాలకు కూడా ఇదే చేస్తారు. గడ్డకట్టి ఉన్నంతకాలం బూజు పెరగదు, తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటీ ఆరబెట్టుకోవచ్చు.

అడిగినవారు

మీ ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. పైపు దొరికిందండి! చెత్తసంచి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. నట్టు పక్కన అల్లిక విచ్చుకుపోయి, లోపలి రబ్బరు వేలి గోరంత మేర చీలి ఉంది. ఈమెయిల్ పెట్టాను. మరక చుట్టూ గీత గీశాను, పాత ఫోటో కూడా ఒకటి దొరికింది. కాగితాలు ఫ్రీజర్లో ఉన్నాయి.

మూడు సందేహాలు. క్లెయిమ్ ఫారంలో 'నష్టానికి కారణం' అన్న చోట ఏం రాయాలి? ఇంట్లో ఎవరూ లేమని రాస్తే ఇబ్బందా? కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్‌కి కూడా తడి దిగిందట, ఖర్చంతా మేమే భరిస్తామని రాసివ్వమంటున్నారు.

జవాబు

పైపు దొరికినందుకు నిజంగా సంతోషం.

కారణం దగ్గర జరిగింది జరిగినట్టే, కచ్చితంగా రాయండి. చాలామంది అలవాటుగా 'లీకేజీ వల్ల' అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. లీకేజీ అంటే చదివేవాళ్ళకు ఎప్పటినుంచో కారుతోందనే అర్థం వస్తుంది. మీకు జరిగింది అది కాదు. "ఫలానా తేదీన ఇల్లు వదిలే సమయానికి వాష్‌బేసిన్ కింద తడి లేదు. ఫలానా తేదీ సాయంత్రం తిరిగి వచ్చేసరికి కనెక్షన్ పైపు నట్టు వద్ద పగిలి నీళ్ళు పారుతున్నాయి. పైపు భద్రపరిచాం" అని రాయండి. మీకు తెలిసినది మాత్రమే రాయండి. ఏ రోజు, ఏ గంటకు పగిలిందో ఊహించి రాయొద్దు. ప్లంబర్ దగ్గర కూడా బిల్లు మాత్రమే కాకుండా, అతను ఏం చూశాడో, ఏం మార్చాడో ఒక కాగితం మీద సంతకంతో తీసుకోండి.

ఇంట్లో లేకపోవడం దాచనక్కర్లేదు. ఇల్లు ఖాళీగా ఉండటం గురించిన షరతు మామూలుగా 30 లేదా 60 రోజులు దాటినప్పటి మాట. పాలసీలో ఎంత ఉందో చూసుకోండి, మూడు రోజులకు ఇబ్బంది ఉండకూడదు.

కింది వాళ్ళకు ఏదీ రాసివ్వకండి. వాళ్ళ బాధ నిజమే, వెళ్ళి పలకరించండి, వాళ్ళ సీలింగ్ ఫోటోలు తీసుకోండి, వాళ్ళ ఇన్సూరెన్స్ ఉంటే వాళ్ళనూ క్లెయిమ్ వేయమనండి. కానీ తప్పు మాదేనని, అంతా మేమే కడతామని కంపెనీకి తెలియకుండా ఒప్పుకుంటే, మూడో వ్యక్తికి జరిగిన నష్టానికి మీ పాలసీలో ఉన్న కవర్ దెబ్బతినవచ్చు. వాళ్ళు అడిగిన సంగతి రాతపూర్వకంగా కంపెనీకి తెలపండి. ఇదే సూత్రం ఎదురు వైపు నుంచి కూడా. పైపు అమ్మినవాళ్ళో, బిగించినవాళ్ళో ఎంతో కొంత ఇచ్చి 'ఇక ఏమీ అడగం' అని సంతకం పెట్టమంటే పెట్టకండి. తప్పు ఎవరిదో వాళ్ళ నుంచి వసూలు చేసుకునే హక్కు మీకు డబ్బు ఇచ్చాక కంపెనీకి వస్తుంది. మీరు ముందే దాన్ని వదిలేస్తే మీ డబ్బుకే అడ్డం పడుతుంది.

సర్వేయర్ వచ్చినప్పుడు గది గదికీ ఒక జాబితా చేతిలో ఉంచుకోండి. వస్తువు, కొన్న సంవత్సరం, బిల్లు ఉంటే బిల్లు, లేకపోతే కార్డు స్టేట్‌మెంటో పాత ఫోటోనో. ఇల్లూ, ఇంట్లో సామానూ పాలసీలో రెండు విడి భాగాలు, బీరువా గోడకు బిగించిందా విడిగా ఉందా అన్నదాన్ని బట్టి ఏ భాగంలోకి వస్తుందో మారుతుంది. ఒరిజినల్ ఫోటోలు ఫోన్లోనే ఉంచండి. మెసేజ్ యాప్‌లో పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరం కూడా తరచూ పోతుంది. మీటరుతో తడి గోడను కొలిచినప్పుడు, తడవని గోడను కూడా కొలవమని అడగండి. పక్కన పోల్చడానికి లేని అంకెకు అర్థం లేదు.

అడిగినవారు

సర్వేయర్ వచ్చి వెళ్ళారండి. ఓపికగానే చూశారు, మరక గురించి నేనే ముందు చెప్పి పాత ఫోటో చూపించాను, రాసుకున్నారు. బీరువా అడుగు చెక్క పొడిని అదిమి చేసిన పలకట, ఉబ్బితే మళ్ళీ మామూలుకు రాదు, మార్చాల్సిందే అన్నారు. కానీ వాళ్ళు వేసిన అంచనా నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. ఇది మోసమా?

జవాబు

మోసం అని ఇప్పుడే అనుకోకండి. లెక్క విడదీసి రాతలో అడగండి. మామూలుగా మూడు చోట్ల తగ్గుతుంది. ఒకటి, ప్రతి క్లెయిమ్‌లోనూ మొదట మీరే భరించాల్సిన మొత్తం. రెండు, తరుగుదల. మీ పాలసీ పాత వస్తువుకు కొత్త వస్తువు ధర ఇచ్చేదా, వాడిన ఏళ్ళకు తగ్గించి ఇచ్చేదా చూడండి. కొన్ని పాలసీల్లో తగ్గించిన మొత్తం ముందు ఇచ్చి, మీరు మార్పించి బిల్లు చూపాక మిగతాది ఇస్తారు, అలాగైతే గడువు దాటనివ్వకండి.

మూడోది చాలామందికి తెలియదు. సామాను అసలు విలువ 100 అయితే మీరు 60కే ఇన్సూరెన్స్ చేశారనుకోండి. 20 నష్టం జరిగితే 20 రాదు, 60 వంతుల లెక్కన 12 వస్తుంది. మిగతా 40కి ఇన్సూరెన్స్ మీరే చేసుకున్నట్టు లెక్క. ఈ నిబంధన మీ పాలసీలో ఉందో లేదో, ఉంటే వాళ్ళు అసలు విలువ ఎలా కట్టారో అడగండి. అక్కడ తరచూ పొరపాట్లు జరుగుతాయి.

లెక్కలో తప్పు కనిపిస్తే, మీరు స్వయంగా తెప్పించిన రెండు మరమ్మతు అంచనాలు జతచేసి, ఏ అంశం ఎందుకు తక్కువో ఒక్కొక్కటీ రాసి పంపండి. పూర్తి పరిష్కారం కింద అందుకున్నాను అనే కాగితం మీద సంతకం అప్పటిదాకా వద్దు. వివాదం లేని మొత్తాన్ని ముందుగా ఇవ్వమని అడగవచ్చు. కొట్టేస్తే ఏ నిబంధన కింద కొట్టేశారో నంబరుతో సహా రాతలో తీసుకోండి, కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి వెళ్ళండి, అక్కడా తేలకపోతే చాలా దేశాల్లో ఇన్సూరెన్స్ గొడవలు వినే అంబుడ్స్‌మన్ ఉంటారు.

ఒక్క మాట, పెయింటర్‌ని ఇంకా పిలవకండి. తడి గోడ రీడింగు తడవని గోడ రీడింగుకు దగ్గరగా వచ్చిన రోజున ఇక్కడ చెప్పండి, అప్పుడు మొదలుపెడదాం.

అడిగినవారు

సరేనండి. లెక్క విడదీసి పంపమని ఇప్పుడే ఈమెయిల్ పెట్టాను. మిగతా గదుల్లో కనెక్షన్ పైపులు కూడా వంగి చూశాను. వంటింటి సింకు కింద ఉన్నదానికి నట్టు పక్కన తుప్పు కనిపించింది, రేపు పొద్దున ప్లంబర్ వస్తున్నాడు.